సగటు వయసు 93.4 ఏళ్లు వచ్చింది! గణాంకశాస్త్రం మొదటి ప్రాజెక్టులో ఇరుక్కున్నాను

సగటు_విద్యార్థి | సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. గణాంకశాస్త్రం పరిచయ పాఠం తప్పనిసరి కాబట్టి తీసుకున్నాను, ముచ్చటపడి కాదు. మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. సగటు, మధ్యగతం, బాహుళకం, విస్తృతి... అన్నిటికీ సూత్రాలు ఉన్నాయి. సూత్రంలో అంకెలు వేసి జవాబు తీయడం నాకు చేతనైన పనే.

ఇప్పుడు ప్రాజెక్టు ఇచ్చారు. ఒక ఫైలు, అందులో 40 మంది విద్యార్థుల వివరాలు: వయసు, ఎన్ని గంటలు చదువుతారు, ట్యుటోరియల్ తరగతికి వెళ్తారా లేదా, చివరి పరీక్ష మార్కులు. "ఈ డేటా ఏం చెబుతోందో రెండు పేజీల్లో రాయండి" అన్నారు, అంతే. ఏ సూత్రం వాడాలో చెప్పలేదు.

మూడు చోట్ల ఆగిపోయాను.

మొదటిది పరువు తక్కువ సంగతి. సగటు వయసు 93.4 ఏళ్లు వచ్చింది. నేను గమనించకుండా ముసాయిదాలో అలాగే రాసి ఇచ్చేశాను. మేడం దాని పక్కన ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి తిరిగి ఇచ్చారు. ఒక్క మాట కూడా రాయలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండోది, మార్కుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరాయో చెప్పేది) స్ప్రెడ్‌షీట్‌లో 12.41 వచ్చింది, పైథాన్‌లో నంపై అనే లెక్కల ప్యాకేజీతో చేస్తే 12.25. అవే 40 అంకెలు. నాలుగుసార్లు సరిచూశాను.

మూడోది, చదివిన గంటలకూ మార్కులకూ సహసంబంధ గుణకం (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె; 0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా కలిసి పెరిగినట్టు) 0.11 మాత్రమే. అంటే చదివినా చదవకపోయినా ఒకటే అని రాయాలా? అలా రాస్తే ఆ కాగితం మా అమ్మ కంట పడకుండా దాచుకోవాలి.

కంఠస్థం | సోమవారం, రాత్రి 11:05

ఇంత మథనం అక్కర్లేదు మిత్రమా. 0.11కు "బలహీనమైన ధన సహసంబంధం" అని రాయండి. విచలనానికి మీ పుస్తకంలో ఏ సూత్రం ఉంటే దాని జవాబు వేయండి. వయసు దగ్గర కొట్టేసి 20 అని పెట్టండి. నేను ఈ పాఠం ఇలాగే గట్టెక్కాను. పరీక్షలో అడిగేది సూత్రం, మన సందేహాలు కాదు.

పట్టిక_పిచ్చి | సోమవారం, రాత్రి 11:12

"కొట్టేసి 20 అని పెట్టండి" అన్న మాట చదివి నాకు చెమటలు పట్టాయి. నా ఉద్యోగమే డేటా శుభ్రం చేయడం. ఎవరో ఎప్పుడో అలా పెట్టి వదిలేసిన అంకెల వెనక నేను వారాల తరబడి తిరుగుతుంటాను.

ఒక పని చేయండి. వయసు వరుసను పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు పేర్చండి. పైనున్న అయిదారు అంకెలు ఇక్కడ రాయండి.

సగటు_విద్యార్థి | సోమవారం, రాత్రి 11:15

999, 999, 999, 23, 23, 22...

అయ్యో. ఫైలు తెరిచాను గానీ కిందిదాకా చూడనే లేదు. తెరిచీ తెరవగానే సగటు సూత్రం కొట్టేశాను.

పట్టిక_పిచ్చి | సోమవారం, రాత్రి 11:31

అందరం మొదట అలాగే చేస్తాం. వయసు చెప్పని వాళ్ల దగ్గర ఖాళీ వదలకుండా 999 వేయడం పాత అలవాటు. ఫైలుతో పాటు ఇచ్చే వివరణ కాగితంలో "999 అంటే సమాధానం లేదు" అని ఉంటుంది. ఆ కాగితం ఎవరూ చదవరు. మీ లెక్క చూడండి: 40 సార్లు 93.4 అంటే 3,736, దశాంశం సవరిస్తే 3,737. అందులోంచి మూడు 999లు, అంటే 2,997 తీసేస్తే మిగిలేది 740. దాన్ని 37 మందికి పంచితే 20. కంఠస్థం గారు కళ్లు మూసుకుని చెప్పిన 20 నిజమే అయింది. అయినా ఆయన పద్ధతిని నేను మెచ్చుకోను.

అసలు సంగతి ఇది. 999 మంచి తప్పు. ఎందుకంటే అది అరిచి చెబుతుంది. అదే చోట 99 వేసి ఉంటే సగటు 25.9 వచ్చేది. కాస్త ఎక్కువే అనిపించినా మీరూ దాటిపోయేవారు, మీ మేడమూ దాటిపోయేవారు. సున్నా వేసి ఉంటే 18.5 వచ్చేది, ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. నాకు భయం వేసేది ఈ మర్యాదస్తుల తప్పులంటేనే.

ఇంకో మాట. ఇప్పుడు మధ్యగతం చూడండి, 999లు ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి.

సగటు_విద్యార్థి | సోమవారం, రాత్రి 11:36

రెండుసార్లూ 20. మధ్యగతం ఎందుకు నేర్పుతారో రెండు నెలల తర్వాత ఇప్పుడు అర్థమైంది. మా పుస్తకంలో "అసాధారణ విలువలకు లోనుకాదు" అని ఉంది. దాన్ని ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్కలేదు.

పట్టిక_పిచ్చి | సోమవారం, రాత్రి 11:44

తీసేసేటప్పుడు ఒక జాగ్రత్త. అసలు ఫైలు ముట్టుకోకండి. నకలు తీసుకుని, అందులో 999లను ఖాళీలుగా మార్చి, మార్చిన సంగతి రిపోర్టులో ఒక వాక్యంలో రాయండి: "ముగ్గురి వయసు నమోదు కాలేదు, సగటు 37 మందిది." ఈ ఒక్క వాక్యంతో మీ మేడం ఎర్ర పెన్ను మూత పెట్టేస్తారు.

స్ప్రెడ్‌షీట్లు తమంతట తాము అంకెలు మార్చే జబ్బు కూడా ఒకటి ఉంది. జన్యువుల పేర్లలో "మార్చ్1", "సెప్ట్1" లాంటివి ఉండేవి. టైపు చేయగానే అవి తేదీలైపోయేవి. ప్రచురితమైన పరిశోధనా పత్రాల పట్టికల్లోకీ ఆ తేదీలు ఎక్కాయి. చివరికి 2020లో జన్యు నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లే మార్చేసింది. సాఫ్ట్‌వేర్ కోసం జన్యువులు పేర్లు మార్చుకున్నాయి, అదీ మన కాలం.

చిత్తు_కాగితం | మంగళవారం, ఉదయం 6:20

రెండో ప్రశ్న నాకు వదిలేయండి, ఇది నా ముద్దుల విషయం.

12.41ని 12.25తో భాగించండి. 1.013. దాన్ని వర్గం చేస్తే సుమారు 1.026. ఇప్పుడు 40ని 39తో భాగించి చూడండి. దొంగ దొరికాడు.

నంపై, మనం ఏమీ చెప్పకపోతే, సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని ఎన్‌తో, అంటే ఎన్ని అంకెలుంటే అంతతో (ఇక్కడ 40), భాగిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో మీరు వాడింది ఎన్-1తో భాగించే రకం. అక్కడే ఎన్‌తో భాగించే రకం కూడా ఉంది, పేరు చివర 'పి' అక్షరం ఉంటుంది. ఆర్ భాష ఎన్-1 వాడుతుంది. పైథాన్‌లోనే వాడే పాండాస్ అనే ఇంకో ప్యాకేజీ కూడా ఎన్-1 వాడుతుంది, అందుకే ఈ తికమక. నంపైలో డీడీఓఎఫ్ అనే అమరికను 1 చేస్తే మీకు 12.41 వస్తుంది. ఏదీ తప్పు కాదు, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

సగటు_విద్యార్థి | మంగళవారం, ఉదయం 7:50

వచ్చింది! చాలా థాంక్స్. కానీ ఎన్-1 ఎందుకు? పుస్తకంలో "నిష్పాక్షిక అంచనా కోసం" అని ఒకే వాక్యం ఉంది. తరగతిలో అడిగితే "తర్వాతి సెమిస్టర్‌లో వస్తుంది" అన్నారు.

చిత్తు_కాగితం | మంగళవారం, ఉదయం 8:34

తర్వాతి సెమిస్టర్ దాకా ఎందుకు, కాగితం తీయండి.

లోకంలో ముగ్గురే ఉన్నారనుకుందాం. వాళ్ల అంకెలు 2, 4, 6. సగటు 4. సగటు నుంచి తేడాల వర్గాలు 4, 0, 4, మొత్తం 8. ముగ్గురికి పంచితే విస్తృతి 2.67. ఇది అసలు నిజం. లోకమంతా కళ్ల ముందే ఉంది కాబట్టి ఇక్కడ 3తోనే భాగించాలి, 2తో కాదు.

ఇప్పుడు ఈ నిజం తెలియని మనిషి ఒకడు చీటీలు తీస్తున్నాడు. ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసి, ఇంకొకటి తీస్తాడు. మొత్తం తొమ్మిది రకాల జతలు రావచ్చు. రెండు చీటీలూ ఒకటే అయ్యేవి మూడు జతలు, వాటి విస్తృతి సున్నా. చీటీల మధ్య తేడా 2 ఉండేవి నాలుగు జతలు. ఉదాహరణకు 2, 4: సగటు 3, వర్గాల మొత్తం 2. దాన్ని 2తో భాగిస్తే 1, ఒకటితో భాగిస్తే 2. తేడా 4 ఉండేవి రెండు జతలు: సగటు 4, వర్గాల మొత్తం 8. దాన్ని 2తో భాగిస్తే 4, ఒకటితో భాగిస్తే 8.

తొమ్మిది జతలకూ సగటు కట్టండి. ఎన్‌తో భాగించినవాడికి మొత్తం 12, తొమ్మిదికి పంచితే 1.33. నిజంలో సగం. ఎన్-1తో భాగించినవాడికి మొత్తం 24, తొమ్మిదికి పంచితే 2.67. సరిగ్గా నిజం.

ఎందుకిలా? (2, 2) వచ్చినవాణ్ణి చూడండి. అసలు సగటు 4 అని అతనికి తెలియదు. తన చేతిలో ఉన్న 2నే సగటనుకుని "తేడాయే లేదు" అని కూర్చుంటాడు. ఏ శాంపిల్ అయినా అంతే, తన సగటును తానే తయారు చేసుకుంటుంది, తన అంకెలకు వీలైనంత దగ్గరగా. అందుకే చెదరడం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఎన్-1 ఆ తక్కువను పూడుస్తుంది.

కంఠస్థం | మంగళవారం, ఉదయం 9:02

ఇది బాగుంది, ఒప్పుకుంటున్నాను. నేను దీన్ని "చిన్న శాంపిల్ అయితే ఎన్-1, 30 దాటితే ఎన్" అని బట్టీ పట్టాను. మార్కులు కూడా వేశారు.

పాత_చాక్‌పీసు | మంగళవారం, ఉదయం 10:15

ఈ 30 అనే అంకెను ఎవరు తరగతుల్లోకి వదిలారో గానీ, పాతికేళ్లుగా తుడుస్తున్నా పోవడం లేదు. శాంపిల్ పెద్దదయ్యే కొద్దీ ఎన్‌కూ ఎన్-1కూ తేడా కనపడకుండా పోతుంది, నిజమే. కానీ 30 దగ్గర గేటు ఏమీ లేదు.

చిత్తు_కాగితం గారి లెక్క ముచ్చటగా ఉంది. ఒక చిన్న సవరణ: ఎన్-1 విస్తృతికి సరిగ్గా సరిపోతుంది, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనానికి అంత కచ్చితంగా సరిపోదు. పరీక్షలో అడగరు, నిద్ర పాడుచేసుకోవద్దు.

సగటు_విద్యార్థీ, నీకు నా ప్రశ్న వేరే. ఈ 40 మంది గురించి మాత్రమే మాట్లాడుతున్నావా, వాళ్లను చూపించి మిగతా విద్యార్థుల గురించి కూడా చెప్పదలచుకున్నావా? మొదటిదైతే ఎన్ చాలు. రెండోదైతే ఎన్-1, కానీ అప్పుడు ఈ 40 మందిని ఎలా ఎంచుకున్నారో చెప్పాలి. ముందు వరుసల వాళ్లనే అడిగి ఉంటే ఏ భాగహారమూ నిన్ను కాపాడదు.

మూడో ప్రశ్నకు వస్తే, 0.11 అని రాశావు. గ్రాఫు గీశావా?

సగటు_విద్యార్థి | మంగళవారం, మధ్యాహ్నం 1:10

లేదు సార్. గుణకం వచ్చింది కదా, మళ్లీ గ్రాఫు ఎందుకు అనుకున్నాను.

పాత_చాక్‌పీసు | మంగళవారం, మధ్యాహ్నం 1:48

1973లో ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అనే గణాంకవేత్త ఇలాంటి వాళ్ల కోసమే నాలుగు చిన్న పట్టికలు తయారు చేశాడు. ఒక్కోదానిలో 11 జతల అంకెలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, సహసంబంధం 0.82కు అటూ ఇటూగా, చుక్కల మధ్యగా గీసే ప్రతిగమన రేఖ కూడా ఒకటే: ఎక్స్‌లో సగానికి 3 కలిపితే వై. కాగితం మీద కవల పిల్లలు.

గ్రాఫు గీస్తే మొదటిది మామూలు చుక్కల గుంపు. రెండోది చక్కటి వంపు, దానికి సరళరేఖతో పనే లేదు. మూడోది తాడు లాగినట్టు తిన్నని గీత, ఒక్క చుక్క మాత్రం పైకి ఎగిరి గీతను తనవైపు లాగేసింది. నాలుగోదానిలో పది చుక్కలు ఎక్స్ 8 దగ్గర ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి, పదకొండోది 19 దగ్గర ఒంటరిగా ఉంది. ఆ ఒక్క చుక్క తీసేస్తే రేఖ అన్న మాటే ఉండదు.

వెళ్లి గీయి. అడ్డంగా గంటలు, నిలువుగా మార్కులు.

మౌనప్రేక్షకుడు | మంగళవారం, సాయంత్రం 4:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేనూ ఇదే పాఠం చదువుతున్నాను. ఆర్ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?

పట్టిక_పిచ్చి | మంగళవారం, సాయంత్రం 4:33

మీ కళాశాలలో ఏది నేర్పితే అది. ఇంకేమీ అడగకండి, ఈ ప్రశ్నకు వేరే చర్చ తెరవండి. ఇక్కడ పెడితే రేపటికి కురుక్షేత్రం అవుతుంది.

సగటు_విద్యార్థి | మంగళవారం, రాత్రి 9:17

గీశాను. గ్రాఫు చూసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు.

చుక్కలు ఒక గుంపు కాదు, రెండు గుంపులు. ఎడమ అంచున 14 చుక్కలు నిలువుగా అతుక్కుని ఉన్నాయి, అన్నీ 2 నుంచి 6 గంటల మధ్య. కుడివైపు 26 చుక్కలు 12 నుంచి 40 గంటల దాకా పరుచుకుని ఉన్నాయి. 6కూ 12కూ మధ్య ఒక్క చుక్క లేదు. దేనికది విడిగా చూస్తే రెండు గుంపులూ పైకి ఎక్కుతున్నాయి. విడివిడిగా లెక్కిస్తే 0.52, 0.47. కలిపితే 0.11!

వారానికి మూడు గంటలు చదివి 70 మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎవరబ్బా అని ఆలోచిస్తుంటే...

రెండో_వరుస | మంగళవారం, రాత్రి 9:21

వాళ్లు రోజుకు మూడు గంటలు చదివినవాళ్లు.

సగటు_విద్యార్థి | మంగళవారం, రాత్రి 9:22

అదే! నేనూ అదే రాయబోతున్నాను! ఫైలులో ఆ వరుస పేరు "చదివే గంటలు" అని మాత్రమే ఉంది. రోజుకా, వారానికా అన్నది లేదు. కొందరు అలా అనుకున్నారు, కొందరు ఇలా.

ఎడమ గుంపును 7తో గుణిస్తే 40 మందికీ కలిపి 0.48 వస్తోంది. ఇదే రాసేయనా?

కంఠస్థం | మంగళవారం, రాత్రి 9:40

రాసేయండి. కథ సుఖాంతం.

పట్టిక_పిచ్చి | మంగళవారం, రాత్రి 9:58

ఆగండి ఆగండి. మీకు ఇష్టమైన జవాబు వచ్చింది కాబట్టి గుణించడం సరైందని అనిపిస్తోంది. 0.48 బదులు మైనస్ 0.3 వచ్చి ఉంటే గుణించేవారా?

7 అన్నది మీ ఊహ. ఆదివారం పుస్తకం ముట్టనివాడికి అది 6, శనివారం కూడా ముట్టనివాడికి 5. పైగా ఆ 14 మందిలో నిజంగానే వారానికి మూడు గంటలు చదివి గట్టెక్కే మహానుభావుడు ఒకడు ఉండవచ్చు. ఉంటాడు కూడా, ప్రతి తరగతిలో ఒకడుంటాడు.

చిత్తు_కాగితం | మంగళవారం, రాత్రి 10:06

కానీ గ్రాఫులో ఖాళీ ఉంది కదా. 6 నుంచి 12 మధ్య ఎవరూ లేకపోవడం, ప్రశ్నను రెండు రకాలుగా అర్థం చేసుకున్నారనడానికి గట్టి ఆధారమే. మార్కుల వైపు చూడకుండా గంటల వరుస ఒక్కటే చూసినా ఈ అనుమానం వచ్చేది. జవాబు కోసం గుంపులు చేయడం వేరు, గుంపులు ముందే కనిపించడం వేరు.

పాత_చాక్‌పీసు | మంగళవారం, రాత్రి 10:35

ఇద్దరూ సగం సగం సరైనవాళ్లే. గుంపులుగా విడదీయడం అనగానే పాఠాల్లో తప్పకుండా వచ్చే ఉదాహరణ ఒకటుంది, దాని చిక్కు కూడా ఇదే. 1973లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పై చదువుల ప్రవేశాలు చూస్తే, దరఖాస్తు చేసిన మగవాళ్లలో సుమారు 44 శాతానికి, ఆడవాళ్లలో సుమారు 35 శాతానికి సీట్లు దొరికాయి. పైకి పక్షపాతం స్పష్టంగా ఉంది. విభాగాల వారీగా విడదీసి చూస్తే ఆ తేడా చాలావరకు మాయమైంది. పెద్ద విభాగాల్లో ఒకదానిలోనైతే ఆడవాళ్లకు 82 శాతం, మగవాళ్లకు 62 శాతం. సీట్లు తక్కువగా దొరికే విభాగాలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేశారు. 1975లో దీన్ని విశ్లేషించిన వ్యాసం వచ్చాక ఇది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అక్కడ విభాగాల వారీగా ఎందుకు విడదీశారు? ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించేది విభాగమే కాబట్టి. అంకెలు నచ్చేదాకా కోస్తూ పోలేదు. నీకూ అలాంటి కారణం ఉంది, ప్రశ్న అస్పష్టంగా ఉంది. కాబట్టి 0.11, 0.48 రెండూ రాయి. ఎందుకు రెండున్నాయో రాయి. అన్నిటికన్నా ముందు, ఫారం తయారు చేసినవాళ్లను అడుగు. డేటాకు కాళ్లుంటాయి, అది ఎక్కడినుంచో నడిచి వచ్చింది.

సగటు_విద్యార్థి | బుధవారం, సాయంత్రం 5:40

మేడంను అడిగాను. బీరువాలోంచి పాత ఫారం తీశారు. ప్రశ్న అక్షరాలా ఇది: "మీరు ఎన్ని గంటలు చదువుతారు?" ఆవిడ కళ్లద్దాలు పైకి జరిపి రెండుసార్లు చదివి, "నిజమే" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు గానీ, నా ముసాయిదా మీదున్న ప్రశ్నార్థకం కన్నా ఆ ముఖం మీదున్న ప్రశ్నార్థకం పెద్దది.

ఇప్పుడు చివరి సందేహం. ట్యుటోరియల్‌కు వెళ్లేవాళ్లు 18 మంది, వెళ్లనివాళ్లు 22 మంది. వెళ్లేవాళ్ల సగటు మార్కులు 7.1 ఎక్కువ. రెండు గుంపుల సగటులను పోల్చే టీ-పరీక్ష చేస్తే పీ-విలువ 0.071 వచ్చింది. దీన్ని మాటల్లో ఎలా రాయాలి?

కంఠస్థం | బుధవారం, సాయంత్రం 6:02

ఇది నాకు బాగా తెలుసు. తేడా నిజమయ్యే అవకాశం 93 శాతం అన్నమాట. కానీ 95 శాతం కావాలి కాబట్టి తేడా లేదని రాయాలి.

రెండో_వరుస | బుధవారం, సాయంత్రం 6:10

రెండు వాక్యాలు, రెండు తప్పులు. కోప్పడకండి, పోయిన ఏడాది నేనూ ఇదే రాశాను.

పీ-విలువ తేడా నిజమయ్యే అవకాశం కాదు. ట్యుటోరియల్ వల్ల అసలేమీ లేదని ముందే ఒప్పుకుని, అలాంటి లోకంలో ఊరికే కలగాపులగం వల్ల ఇంత తేడా లేదా ఇంతకు మించిన తేడా ఎంత తరచుగా వస్తుందో చెప్పే అంకె అది.

కంఠస్థం | బుధవారం, సాయంత్రం 6:18

మాటలు తిప్పారు అంతే. రెండూ ఒకటే కదా?

రెండో_వరుస | బుధవారం, సాయంత్రం 6:45

కాదు. వాన పడితే రోడ్డు తడిసే అవకాశమూ, రోడ్డు తడిసి ఉంటే వాన పడి ఉండే అవకాశమూ ఒకటేనా? నీళ్ల ట్యాంకరు కూడా పోయి ఉండవచ్చు.

చెబితే నాకూ ఎక్కలేదు. చేస్తే ఎక్కింది. సగటు_విద్యార్థి గారూ, 40 మార్కులూ 40 చీటీల మీద రాయండి. కలిపేసి, 18 చీటీలు ఒకవైపు, 22 ఒకవైపు పెట్టండి. సగటుల తేడా రాసుకోండి. మళ్లీ కలపండి. ఈ పంపకానికీ ట్యుటోరియల్‌కూ ఏ సంబంధమూ లేదు, చేతికి వచ్చినట్టు పంచుతున్నారు కదా. అయినా 7.1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, ఎటువైపైనా సరే, ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి.

సగటు_విద్యార్థి | బుధవారం, రాత్రి 11:55

చేశాం. నేనూ నా గది స్నేహితుడూ. పాత నోటు పుస్తకం చించి 40 ముక్కలు చేశాం. ఫ్యాను వేసి ఉండటంతో మొదటి విడత చీటీలు మంచం కిందికి పోయాయి. ఆపేసి, చెమటలు కక్కుతూ చేశాం. 18 చీటీల మొత్తం కడితే చాలు, మిగతా 22 చీటీల మొత్తం తీసివేతలో వచ్చేస్తుందని స్నేహితుడు కనిపెట్టాడు. వాడు చరిత్ర విద్యార్థి.

తేడాలు ఇలా వచ్చాయి: 1.2, మైనస్ 3.4, 0.5, 4.8, మైనస్ 2... ఎనిమిదోసారి 7.9 వచ్చింది! ఊరికే చీటీలు కలిపితేనే! వాడు "అయితే మీ ట్యుటోరియల్ దండగేనా?" అన్నాడు. 30సార్లు చేసేసరికి మొత్తం రెండుసార్లు 7.1 దాటింది, రెండోది మైనస్ వైపు. తర్వాత కంప్యూటర్‌తో 10,000 సార్లు చేయించాను. 708 సార్లు దాటింది.

0.0708. టీ-పరీక్ష చెప్పింది 0.071. నా చేతులతో కలిపిన చీటీలూ ఆ సూత్రమూ ఒకే మాట చెప్పడం చూసి నిజంగా ఒళ్లు జలదరించింది.

కంఠస్థం | గురువారం, ఉదయం 7:30

సరే. 10,000 సార్లలో 708 అన్నది "ఏమీ లేని లోకం"లో లెక్క. అందులోంచి "ఏదో ఉంది" అనడానికి 93 శాతం రాదు. ఇప్పుడు చూస్తే స్పష్టంగానే ఉంది. నాకు ఆ ప్రశ్నకు అయిదుకు అయిదు మార్కులు వేసిన మాస్టారిని తలచుకుంటున్నాను.

పాత_చాక్‌పీసు | గురువారం, ఉదయం 9:20

ఈ చీటీల ఆట వెనక పెద్ద పేరే ఉంది. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1935లో ప్రయోగాల రూపకల్పన మీద రాసిన పుస్తకంలో ఒక మహిళ కథ చెప్పాడు. కప్పులో పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనని ఆమె అంటుంది. ఎనిమిది కప్పులు, నాలుగు ఇలా, నాలుగు అలా. ఎనిమిదింటిలో నాలుగు ఎంచుకునే మార్గాలు 70. ఏమీ తెలియకుండా ఊహిస్తే అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో ఒకటి. కానీ ఒక్క జత పొరబడినా చాలు, మూడు లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 17కు చేరుతుంది. నాలుగోవంతు! ఒక్క కప్పుతో అంత తేడా. అందుకే ఎన్ని కప్పులు పెట్టాలో రుచి చూడకముందే తేల్చుకోవాలి.

కంఠస్థం గారి రెండో వాక్యం మిగిలింది: "తేడా లేదని రాయాలి." వద్దు. 95 శాతం విశ్వాస అంతరం, అంటే ఈ డేటాకు సరిపోయే తేడాల హద్దులు, కట్టి చూడండి.

సగటు_విద్యార్థి | గురువారం, ఉదయం 9:41

మైనస్ 0.6 నుంచి 14.8 దాకా.

పాత_చాక్‌పీసు | గురువారం, ఉదయం 9:50

చూశావా. అరమార్కు నష్టం నుంచి దాదాపు 15 మార్కుల లాభం దాకా ఏదైనా ఈ డేటాకు సమ్మతమే. దాన్ని "తేడా లేదు" అంటే అబద్ధం, "ఉంది" అంటే తొందరపాటు. "40 మందితో తేల్చలేం" అన్నది నిజం. అంతరాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగింతల మంది కావాలి, అంటే 160 మంది. వర్గమూలం బేరాలాడదు.

రెండో_వరుస | గురువారం, ఉదయం 10:05

ఇంకొకటి. ట్యుటోరియల్‌కు ఎవరు వెళ్లాలో చీటీలు వేసి నిర్ణయించలేదు కదా. ఆసక్తి ఉన్నవాళ్లే వెళ్లి ఉంటారు. పీ-విలువ 0.0001 వచ్చినా "ట్యుటోరియల్ వల్ల మార్కులు పెరిగాయి" అని రాయకండి.

పట్టిక_పిచ్చి | గురువారం, ఉదయం 10:22

ఇంకా వేరే జతలు పోల్చి చూద్దాం, ఏదో ఒకదాని పీ-విలువ 0.05 కిందికి (అందరూ అడిగే 95 శాతం గీత అదే) వస్తుంది అని మాత్రం మొదలుపెట్టకండి. ఏమీ లేని చోట ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒకటి 0.05 కిందికి వచ్చే అవకాశం 64 శాతం. నేను చూసిన రిపోర్టుల్లో ఆ ఒక్కటే ముందు పేజీకి ఎక్కుతుంది, మిగతా 19 చెత్తబుట్టలోకి పోతాయి.

సగటు_విద్యార్థి | తర్వాతి బుధవారం, సాయంత్రం 6:15

రిపోర్టు ఇచ్చేశాను. రెండు పేజీల్లో ఒక పేజీ మొత్తం గంటల ప్రశ్న గురించే అయింది, మేడం ఏమీ అనలేదు. గ్రాఫు పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టారు.

తర్వాతి ప్రాజెక్టుకు డేటా మేమే సేకరించాలట. ఫారం రాసే పని నాకు అప్పగించారు. మొదటి ప్రశ్న ఇలా రాశాను: "మీరు వారానికి ఎన్ని గంటలు చదువుతారు?" ఇప్పుడు బాగుందా?

రెండో_వరుస | తర్వాతి బుధవారం, సాయంత్రం 6:19

మామూలు వారమా, పరీక్షల వారమా?

పట్టిక_పిచ్చి | తర్వాతి బుధవారం, సాయంత్రం 6:20

తరగతి గంటలు కలిపా, వదిలేసా?

సగటు_విద్యార్థి | తర్వాతి బుధవారం, సాయంత్రం 6:34

ఫారం మళ్లీ రాస్తున్నాను.